పెన్సిల్ గీస్తే పరుగందుకున్న చిప్పు

హసన్‌పర్తి మండలంలో ఎర్రగట్టుగుట్ట దగ్గర కిట్స్ కాలేజీ, అనంతసాగరంలో ఎస్సార్ యూనివర్సిటీ. ఇంజినీరింగ్ పిల్లలు ఇంతమంది ఉన్నచోట ఇంటెల్ గొప్పా, ఏఎండీ గొప్పా అన్న వాదన హీరోల అభిమానుల గొడవలా నడుస్తూనే ఉంటుంది. వాదనకు పనికొచ్చే రికార్డులు ఇవిగో.

ముందు వేగం సంగతి. 2000 మార్చి 6న ఏఎండీ తన అథ్లాన్‌తో 1 గిగాహెర్ట్జ్ అందుకుంది. రెండు రోజులు తిరక్కుండానే ఇంటెల్ పెంటియం 3తో వచ్చేసింది. 2013లో 5 గిగాహెర్ట్జ్ మొనగాడు కూడా ఏఎండీ చిప్పే: ఎఫ్‌ఎక్స్-9590. కరెంటు తాగడంలోనూ మొనగాడే, 220 వాట్లు! ఇంతా చేసి, గడియారంలో 4 గిగాహెర్ట్జ్ కూడా దాటని ఇంటెల్ ఐ7-4770 ముందే చాలా పనుల్లో తేలిపోయింది. 2023లో 6 గిగాహెర్ట్జ్ చిప్పును ఇంటెల్ దుకాణాల్లోకి తెచ్చింది. ద్రవ హీలియం పోసి 9 గిగాహెర్ట్జ్ దాటించిన ఘనులూ ఉన్నారు గానీ, దాంతో ప్రాజెక్టు రిపోర్టు టైపు చేసుకోలేం.

డబ్బు తక్కువున్నవాళ్ల వింతలే అసలు రుచి. 1998లో 300 మెగాహెర్ట్జ్ ఇంటెల్ సెలెరాన్ 300ఏను బోర్డు సెట్టింగు ఒకటి మార్చి 450 మీద నడిపేవారు. 2000 నాటి ఏఎండీ డ్యురాన్ ఇంకా తమాషా. చిప్పు మీద విడిగా ఉన్న సన్నటి చుక్కలను మామూలు పెన్సిల్‌తో గీసి కలిపితే చాలు, కంపెనీ వేగానికి వేసిన తాళం ఊడిపోయేది. గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది కదా! 2009లో రెండు కోర్లని అమ్మిన ఏఎండీ ఫెనోమ్ 2 ఎక్స్2 చిప్పుల్లో కొన్నింటికి, అదృష్టం బాగుంటే, మూసి ఉంచిన మరో రెండు కోర్లు బయోస్‌లో తెరుచుకునేవి.

నా ఓటు మాత్రం ఎక్కువ కాలం బతికిన సాకెట్‌కే. 2017లో మొదటి ఏఎండీ రైజెన్‌తో కొన్న ఏఎం4 సాకెట్ మదర్‌బోర్డులు చాలావాటిలో, బయోస్ అప్‌డేట్ చేస్తే 2022 నాటి రైజెన్ 5800ఎక్స్3డీ కూర్చుంటుంది. 449 డాలర్ల ఆ చిప్పు, 739 డాలర్ల ఇంటెల్ ఐ9-12900కేఎస్‌తో చాలా గేముల్లో సమఉజ్జీ. వీడియో ఎడిటింగ్‌లో మాత్రం వెనకే. ఏఎండీ మరీ ధర్మాత్మురాలేం కాదు. పాత బోర్డుల్లో కొత్త చిప్పులు పనిచేయవని 2020లో చెప్పి, వినియోగదార్లు గోల పెట్టాకే దిగొచ్చింది. ఇంటెల్‌ది ఇంకో తీరు: 2017లో ఎనిమిదో తరం చిప్పులకు పాత 1151 పిన్నుల లెక్కే ఉంచింది, బోర్డు మాత్రం కొత్తది కొనమంది. కొందరు మొండివాళ్లు పిన్నుల మీద టేపు అంటించి, బయోస్ మార్చి పాత బోర్డులోనే నడిపించారు. నిజానికి 1990లలో సాకెట్ 7 ఉన్న బోర్డులో ఇంటెల్, ఏఎండీ, సైరిక్స్ ఏదైనా పెట్టుకునేవారు. 1997లో పెంటియం 2కు ఇంటెల్ తనకే సొంతమైన స్లాట్ తెచ్చాక ఆ పొత్తు చెదిరింది.

పొత్తంటే ఇంకొకటి. 2017 నవంబరులో ఏఎండీ గ్రాఫిక్స్ చిప్పును పక్కన కూర్చోబెట్టుకున్న ఇంటెల్ ప్రాసెసర్‌ను ప్రకటించారు. అదే వారంలో ఏఎండీ గ్రాఫిక్స్ అధిపతి, ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన రాజా కోడూరి ఇంటెల్‌లో చేరుతున్నట్టు ప్రకటన వచ్చింది.