వెలుగు వాకిలి

సమాచారాన్ని కాంతిరూపంలో పంపే స్విచ్‌లు, రౌటర్ల ముందుభాగాన చిన్న గూళ్ళు ఉంటాయి. బొటనవ్రేలంత ఉండే ఎస్.ఎఫ్.పి. మాడ్యూలును వాటిలో అమరుస్తారు. విద్యుత్ సంకేతాన్ని కాంతిగాను, కాంతిని తిరిగి విద్యుత్ సంకేతంగాను మార్చడం దాని పని. యంత్రాన్ని ఆపకుండానే దానిని అమర్చవచ్చు, తీయవచ్చు.

పని చిన్నదే, అపాయాలు మాత్రం కంటికి కానరానివి. దేహంలో చేరిన స్థిరవిద్యుత్తు సుమారు 3000 వోల్టులు దాటితేగాని చేతికి తెలియదు. అందులో పదోవంతు చాలు, మాడ్యూలులోని సున్నితమైన భాగాలు చెడిపోవడానికి! అందుకే నిపుణుడు ముందుగా భూమికి కలిపిన పట్టీని మణికట్టుకు ధరిస్తాడు. దూరప్రసారానికి వాడే గాజుతంతువులో కాంతి నడిచే దారి వెడల్పు సుమారు 9 మైక్రాన్లు, అంటే తలవెంట్రుక కంటె ఎన్నో రెట్లు సన్నం. ఒక్క ధూళికణం ఆ దారిని మూసివేయగలదు. కనుక తంతువును కలిపే క్షణం వరకు మాడ్యూలు మూత తీయరాదు. తీసిన పిదప లోనికి తొంగి చూడరాదు. కనబడని పరారుణ లేజరు కంటికి హాని చేయవచ్చు.

సరిగా ఒదిగిన మాడ్యూలు 'టక్'మంటుంది. ఒదగనప్పుడు బలం ప్రయోగించక, తలక్రిందులైనదేమో చూడాలి. సాధారణంగా తంతువులు రెండుంటాయి. ఈ కొన పంపినది ఆ కొన స్వీకరించే ద్వారానికే చేరాలి. పంపే ద్వారాలనే ఒకదానితో ఒకటి కలిపితే, ఇద్దరూ మాట్లాడుతూ ఎవరూ విననట్లే. అనుసంధానాన్ని తెలిపే చిన్న దీపం వెలగకపోతే నిపుణులు మొదట అనుమానించేది ఈ తారుమారునే.