పటము చెప్పిన కథ

హైదరాబాదు నగరమందలి జూబిలీహిల్స్, ఫిలింనగర్ అను పేర్లు వినని తెలుగు బాలలు అరుదు. తెలుగు చలనచిత్రములకు నేడు అవి పుట్టినిండ్ల వంటివి. మొదటి తెలుగు మాటల చిత్రమైన ‘భక్తప్రహ్లాద’ 1932లో వెలువడినది. పిమ్మట చాలకాలము మన చిత్రపరిశ్రమ మదరాసులో వర్ధిల్లి, క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చినది. 1976లో అన్నపూర్ణా స్టూడియో వెలయుట ఆ మార్పులో ముఖ్యఘట్టము.

అయితే తెరపై బొమ్మలు కదలుటకు ఎంతో పూర్వమే మన పల్లెలలో బొమ్మలు చూపి కథ చెప్పువారుండిరి. ఆ బొమ్మలు వ్రాయు చిత్రకారులను నకాషీలందురు. వారి పనికి పేరొందిన ఊరు సిద్దిపేట జిల్లాలోని చేర్యాల.

ముందుగా ఖద్దరు గుడ్డకు సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, జిగురు కలిపి పలుమారులు పూసి ఆరబెట్టుదురు. గట్టిపడిన ఆ గుడ్డపై కుంచెతో రేఖలు దిద్ది రంగులు నింపుదురు. బొమ్మల వెనుకనంతయు ఎరుపు పరచుట చేర్యాల పటమునకు గుర్తు. పటము వెడల్పు సుమారు 3 అడుగులు. పొడవు 30 అడుగులకు మించుటయు కలదు. అది అరలుగా విభజింపబడి యుండును. ఒక్కొక్క అరలో కథలోని ఒక్కొక్క ఘట్టముండును. కథకుడు చుట్టిన పటమును అర వెంట అర విప్పుచు, బొమ్మను చూపుచు, పాటతోను మాటతోను కథ నడుపును. ఇది పల్లెవారి చలనచిత్రము! బెంగాలులో పటువాలు, రాజస్థానములో భోపాలు ఇట్లే పటములు చూపి కథలు చెప్పుదురు. కావున ఇది తెలుగువారి సొత్తేకాక భారతదేశపు సొత్తు కూడ.

ఈ కళ ఒక్క చిత్రకారునిది కాదు. పద్మశాలీలకు మార్కండేయ పురాణమును కూనపులివారు, మాదిగలకు జాంబవపురాణమును డక్కలివారు వినిపించుట ఆచారము. జనులు వినగోరినందున కథకుడు ఊరూర తిరిగెను. కథకుడు కోరినందున చిత్రకారుడు పటము వ్రాసెను. ఈ గొలుసులో ఒక్క కొక్కెము తెగినను తక్కినవి నిలువవు.

సినిమా, టెలివిజను ప్రబలిన పిమ్మట వినువారు తగ్గిరి. పెద్ద పటములు కోరువారు తగ్గిరి. నేడు కొలది కుటుంబములవారు మాత్రమే చిన్న చిత్రములు, ముఖోటాలు చేసి ఈ విద్యను కాపాడుచున్నారు. చేర్యాల చిత్రములకు భౌగోళిక గుర్తింపు లభించినది. జూబిలీహిల్స్‌కు చేరువనే, మాదాపూరులో 1992లో నెలకొన్న శిల్పారామము చేతిపనివారికి అంగడియైనది. ఇవి మేలైన పనులే. కాని కథ చెప్పువాడు లేనిచో గోడకు వ్రేలాడు బొమ్మ ఎంత అందమైనదైనను మూగదే.

విద్యార్థులారా! మీ ఊరి చెరువు కథనో, జాతర కథనో, స్వాతంత్ర్యసమరములో మీ ప్రాంతమువారి త్యాగమునో పెద్దల నడిగి తెలిసికొనుడు. దానిని అరలుగా విభజించి, ఉపాధ్యాయుల అనుమతితో బడిగోడపై చిత్రింపుడు. అంతటితో ఆగక ఊరివారిని పిలిచి ఆ కథ చెప్పుడు. అప్పుడొక ముసలమ్మ “అట్లు కాదు నాయనా, ఇట్లు జరిగినది” అని మిమ్ము సరిదిద్దినచో చిన్నబుచ్చుకొనకుడు. ఆ క్షణమున మీ బొమ్మ ఊరి బొమ్మయైనదని సంతోషింపుడు.