కోడలికి ముందు వడ్డించండి

ఫరో ఆజ్ఞకు లోబడక, దేవునికి భయపడి మగబిడ్డలను బ్రతకనిచ్చిన మంత్రసానులు షిఫ్రా, పూయాలను మనమెరుగుదుము. ఆ తరువాత ఫరో కుమార్తె మోషే తల్లికి జీతమిచ్చి, ఆమె కన్నబిడ్డకే ఆమెచేత పాలిప్పించింది. ఒక పసివాని కోసం దేవుడు రాజు ఇంటి సొమ్మును కూడా వాడుకున్నాడు. కాబట్టి తల్లీబిడ్డలకు ప్రభుత్వము ఇచ్చే సహాయమును మనము చిన్నచూపు చూడరాదు.

1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమై అంగన్‌వాడీలు వచ్చాయి. 2005లో మన రాష్ట్రములో 108 వాహనములు తిరగసాగాయి. 2011 నుండి జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద సర్కారు దవాఖానలో కాన్పు, సిజేరియను, మందులు, పరీక్షలు, భోజనము ఉచితమయ్యాయి. 2015 జనవరి 1న తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి మొదలైంది. గర్భిణికి, బాలింతకు అంగన్‌వాడీలోనే ఒక పూట అన్నము, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇవ్వాలన్నది దాని ఉద్దేశము.

2022 డిసెంబరులో గర్భిణులకు నెయ్యి, ఖర్జూరములు, పోషకాహార పొడి, ఐరన్ టానిక్ గల న్యూట్రిషన్ కిట్లను మొదట తొమ్మిది జిల్లాలలో పంచారు. మన ఇటిక్యాల ఉన్న జోగులాంబ గద్వాల జిల్లా, పక్కనున్న నాగర్‌కర్నూలు జిల్లా వాటిలో ఉన్నాయి. ఎందుకు? ఈ జిల్లాల గర్భిణులలో రక్తహీనత ఎక్కువ గనుక. ఇది మన ఇండ్లకు ఒక హెచ్చరిక.

రక్తము తక్కువైన తల్లికి కాన్పులో కొంచెము రక్తస్రావమైనా ప్రాణాపాయమే. బిడ్డ కూడా తక్కువ బరువుతో పుట్టవచ్చు. విత్తన పత్తి చేలలో క్రాసింగ్ పనికి పొద్దున్నే వెళ్లే కోడలు అంగన్‌వాడీకి ఎప్పుడు వెళ్తుంది? గుడ్డు చేతికిస్తే కొంగున కట్టుకొని పెద్దపిల్లలకు తెస్తుంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలినది తింటుంది. అందుకే అక్కడే కూర్చుండి తినమంటారు. సర్కారు గుడ్డు పంపగలదు గాని, ఆమెను అక్కడికి పంపవలసినది అత్తగారు, భర్త.

మూడు నెలలు నిండకముందే ఏ.ఎన్.ఎం. వద్ద పేరు వ్రాయించండి. కాన్పులోపు కనీసము నాలుగుసార్లు పరీక్ష చేయించండి. నాలుగవ నెల నుండి రోజుకొక ఐరన్ మాత్ర చొప్పున ఆరు నెలలు వేసుకోవాలి. దానిని టీతో మింగరాదు. మలము నల్లగా వచ్చినా భయపడి మానవద్దు. రక్తము పోయినా, ఫిట్స్ వచ్చినా, తీవ్రమైన తలనొప్పితో ముఖము వాచినా వెంటనే 108కు ఫోను చేయండి.

బిడ్డ పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టండి. ఆరు నెలలు తల్లిపాలే చాలు, నీళ్లు కూడా అక్కరలేదు. పుట్టగానే బి.సి.జి., పోలియో, హెపటైటిస్-బి. ఆరు, పది, పద్నాలుగు వారములకు పెంటావాలెంట్. తొమ్మిది నెలలు నిండగానే తట్టు, రుబెల్లా టీకా వేయించండి.

ప్రార్థిస్తున్నాము గదా, దవాఖాన ఎందుకని కొందరంటారు. పౌలుతో కూడా ప్రయాణించిన లూకా వైద్యుడే. ప్రార్థన చేయండి, పరీక్షకూ వెళ్లండి. సంఘములోని స్త్రీల సమాజము గర్భిణుల పేర్లు వ్రాసుకొని, పరీక్ష రోజున ఒకరిని తోడు పంపితే అదియు పరిచర్యయే. పెద్దలారా, ఈ రాత్రి భోజనమునకు కూర్చున్నప్పుడు మొదటి పళ్లెము గర్భిణి అయిన కోడలి ముందు పెట్టండి. ప్రభువు మీ గృహములను దీవించును గాక!