పడుట నేర్పు విద్య

జూడో యనఁగానే మన నందిగాము తల్లిదండ్రులు కొందఱు కొట్లాట నేర్పుదురేమో యని జంకుదురు. జపానుదేశమున జిగొరో కానో యను పండితుఁడు ప్రాచీనమగు జుజుత్సును సంస్కరించి 1882లో దీనిని స్థాపించెను. రవీంద్రుఁడు 1929లో తకగాకి యను గురువును శాంతినికేతనమునకు రప్పించి, బాలురకేకాక బాలికలకును నేర్పించెను.

ఇందుఁ దొలిపాఠము పడవేయుట కాదు, పడుట. చేయి చాఁచి నేల నూఁదితిమా, మణికట్టు విఱుగవచ్చును. గడ్డమును ఱొమ్మున కానించి, వీపును గుండ్రముగ వంచి, అఱచేతితోను ముంజేతితోను చాపను చఱవవలెను. అప్పుడు తల నేలకుఁ దగులదు. దెబ్బయు నొక్కచోట నిలువక చెదరిపోవును. సైకిలుపైనుండి పడు మన పిల్లల కీపాఠ మొక్కటి వచ్చినను మేలే యని మాకుఁ దోఁచును.

పిదప పట్లు. ఎదిరి త్రోసినప్పు డెదురు త్రోయక లాగుదుము. వాని బలమే వానిఁ బడవేయును. ఉద్దానపు టిసుక మెత్తనిదే కాని, గురువు లేక యెవ్వరును యత్నింపరాదు. పట్టునఁ జిక్కినవాఁడు చేతితో రెండుమాఱులు తట్టినఁ దత్క్షణమే విడువవలెను. అట్లు విడువనివానితో సాధనకు మఱి యెవ్వరును రారు.