మిద్బార్, అరణ్యము, నేషనల్ పార్కు

సంఘములో “అరణ్యము” అనే మాట వినబడగానే మన విశ్వాసుల మనస్సులో మెదిలేవి దట్టమైన చెట్లు, పులులు, మునుల ఆశ్రమములు, పదునాలుగేండ్ల వనవాసము. అది వారి తప్పు కాదు. మన భాషలో ఆ మాటకు అర్థము అదే. కాని ఇశ్రాయేలీయులు నలువది సంవత్సరములు తిరిగిన చోట నీడనిచ్చే చెట్టు దొరకుటే కష్టము. హెబ్రీ మూలములో అక్కడున్న పదము “మిద్బార్”. సంఖ్యాకాండమునకు హెబ్రీ బైబిలులో ఉన్న పేరు కూడ “బెమిద్బార్”, అనగా “మిద్బార్‌లో” అని. వాన చాలక దున్నుటకు పనికిరాని భూమి, అయితే వాన పడిన కొద్ది నెలలు గడ్డి మొలిచి మందలకు మేతనిచ్చే భూమి, అది మిద్బార్. రాయలసీమలోనో పాలమూరులోనో పుట్టిన బోధకునికి దీనిని ఎక్కువగా వివరించనక్కరలేదు. ఊరి పొలిమేర దాటి గొల్లలు మందను తోలుకొనిపోయే బీడును చూచినవాడు మిద్బార్‌ను సగము చూచినట్లే.

(“మిద్బార్”లో “దాబార్”, అనగా వాక్కు, దాగియున్నదని, కాబట్టి అరణ్యమంటేనే దేవుడు మాటలాడే స్థలమని ప్రసంగములలో తరచుగా వింటాము. వినుటకు బాగుంటుంది. కాని అక్షరములు కలిసినంత మాత్రమున అర్థము కలుస్తుందని చెప్పలేము. ఆ సత్యమును నిలబెట్టుటకు హోషేయ 2:14 చాలును.)

ఈ పదభేదము వలన వ్యాఖ్యానములో చిక్కులు వస్తాయి. లూకా 15:4లో కాపరి తొంబదితొమ్మిది గొఱ్ఱెలను “అడవి”లో విడిచి వెళ్ళినట్లు మన తెలుగు బైబిలులో చదువుతాము. తెలివైన శ్రోత వెంటనే అడుగుతాడు: ఒక్కదాని కొరకు తక్కినవాటిని మృగములకు అప్పగించాడా? గ్రీకులో ఉన్న “ఎరేమోస్” పాతనిబంధన గ్రీకు అనువాదములో మిద్బార్‌కు సాధారణముగా వాడిన పదము. కాపరి వాటిని విడిచినది అవి రోజూ మేసే చోటనే. దావీదును చూచి అతని అన్న ఏలీయాబు ఎగతాళిగా అడిగినది కూడ అరణ్యములోని ఆ కొద్దిపాటి మందను గూర్చియే (1 సమూ. 17:28). మోషే హోరేబుకు వచ్చినది తపస్సు చేయుటకు కాదు, మామ మందను మేపుటకు (నిర్గమ. 3:1).

ఇప్పుడు ఈ సంగతి ఎందుకనగా, మన విశ్వాసులలో అనేకులు, విదేశములలోని పిల్లల యొద్దకు వెళ్ళిన పెద్దలతో సహా, నేషనల్ పార్కులు చూచివచ్చి అక్కడ దేవుని సన్నిధిని అనుభవించామని సాక్ష్యమిస్తున్నారు. ఆ సాక్ష్యమును కొట్టివేయరాదు. కాలిఫోర్నియాలోని తెలుగు విశ్వాసులను దర్శించుటకు వెళ్ళినప్పుడు యోసెమిటీ లోయను చూచే అవకాశము నాకును కలిగినది. దాదాపు 3000 అడుగులు నిలువుగా లేచిన ఎల్ కాపిటాన్ బండ క్రింద నిలుచున్నవానికి 104వ కీర్తన దానంతట అదే జ్ఞాపకమునకు వస్తుంది. ఆ లోయలో 1879లో కట్టిన చిన్న ప్రార్థనాలయము ఇప్పటికిని ఆరాధనకు వాడబడుచున్నది. అయితే ఆ అనుభవమునకు ఒక చరిత్ర ఉన్నది. దానిని కాపరులు ఎరిగియుండాలి.

ఆ చరిత్రలో మొదట చెప్పవలసిన పేరు జాన్ మ్యూర్. 1838లో స్కాట్లండులో పుట్టి, 1849లో అమెరికా చేరాడు. తండ్రి అతి కఠినమైన భక్తిపరుడు. ఆయన శిక్షణలో బాలుడు క్రొత్తనిబంధన అంతయు, పాతనిబంధనలో ఎక్కువ భాగమును కంఠస్థము చేశాడు. పెద్దవాడైన తరువాత తండ్రి మతములోని కాఠిన్యమును వదలినా లేఖన భాషను వదలలేదు. హెచ్ హెచీ లోయకు ఆనకట్ట వేయుట దేవాలయమును ముంచుటతో సమానమని వాదించాడు. 1913లో ఆ ఆనకట్టకు చట్టము అనుమతినిచ్చినది, మరుసటి సంవత్సరము ఆయన మరణించాడు. ఇంకొకరు హోవార్డ్ జాహ్నిజర్, ఫ్రీ మెథడిస్టు బోధకుని కుమారుడు. 1964 నాటి అమెరికా అరణ్య చట్టమును వ్రాసినది ఆయనే. సెప్టెంబరులో దానిపై సంతకము జరుగుటకు కొన్ని నెలల ముందే ఆయన కన్నుమూశాడు. ఆ చట్టము ప్రకారము అరణ్యమనగా మనుష్యుడు అతిథిగా వచ్చి వెళ్ళే చోటు, నివసించే చోటు కాదు.

ఇక్కడ ఒక విచిత్రమును గమనించాలి. మ్యూర్ 1869 వేసవిలో ఆ కొండలకు వెళ్ళినది గొఱ్ఱెల మందతోనే. ఆ తరువాత, అవి పచ్చికను నాశనము చేస్తున్నవని, గొఱ్ఱెలను మిడుతల దండుతో పోల్చి వాటిని కొండలనుండి వెళ్ళగొట్టుటకు పోరాడాడు. పచ్చికకు కలిగిన నష్టము నిజమే, ఆయన ఆందోళన న్యాయమే. మన దేశములో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము కూడ నేషనల్ పార్కులో పశువుల మేతను నిషేధించినది. అయినను మిద్బార్ అంటేనే మేతభూమి! ఈ నియమము ప్రకారము యిత్రో మందను తోలుకొనివచ్చిన మోషేను పొద దగ్గరికి రాకమునుపే అడ్డగించవలసి వచ్చేది. బైబిలు అరణ్యము, పార్కు అరణ్యము ఒకటి కావని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

గొఱ్ఱెలతో ఆగలేదు. యోసెమిటీ లోయలో అవానీచీ ప్రజలు తరతరములుగా నివసించారు. 1851లో మరిపోసా పటాలము వారిని తరుముటకు లోయలో ప్రవేశించినది. 1864లో లింకన్ ఆ లోయను ప్రజల వినోదమునకు ప్రత్యేకించాడు, 1890లో దాని చుట్టునున్న ప్రాంతము నేషనల్ పార్కు అయినది. లోయలో మిగిలిన ఆదివాసుల గ్రామము 1969లో తొలగించబడినది. మ్యూర్ మెచ్చుకొన్న ఆ పచ్చికబయళ్ళను వారే నిప్పుపెట్టి, చెట్లు క్రమ్మకుండ కాపాడుతూ వచ్చారు. సేద్యపరచి కాచుడని ఆదామునకు అప్పగించబడిన పని (ఆది. 2:15) అక్కడ జరుగుతూనే ఉండగా, చూడవచ్చినవారు దానిని చెయ్యి పడని సృష్టి అనుకొన్నారు. ఆదివాసులను గూర్చి మ్యూర్ వ్రాసిన చులకన మాటలను ఆయన స్థాపించిన సియెర్రా క్లబ్బే 2020లో బహిరంగముగా ఖండించినది.

యూటా రాష్ట్రములోని జయన్ పార్కు సంగతి చిన్నదే గాని బోధకులకు దగ్గరిది. జయన్ అనగా మన సీయోనే. మోర్మను వలసదారులు ఆ పేరు పెట్టారు. 1909లో ప్రభుత్వము పైయూట్ ప్రజల పేరుతో ముకుంటువీప్ అని దానిని ప్రకటించినను, 1918లో మరల సీయోనుగా మార్చినది. అక్కడి శిఖరములలో కొన్నింటికి 1916లో ఫ్రెడరిక్ ఫిషర్ అనే మెథడిస్టు బోధకుడు పేర్లు పెట్టాడు: ధవళ మహా సింహాసనము, దేవదూతలు దిగు స్థలము మొదలైనవి. భక్తితోనే పెట్టియుంటాడు. కాని అరణ్యములో పేరు పెట్టిన హాగరును తలంచండి (ఆది. 16:13). ఆమె పేరు పెట్టినది కొండకు కాదు, తన్ను చూచిన దేవునికి. ఆమె అక్కడికి విహారమునకు రాలేదు, పారిపోయి వచ్చినది.

మనకు దగ్గరలో చూచినా ఇదే ప్రశ్న. పాపికొండలు 2008లో నేషనల్ పార్కుగా ప్రకటించబడినవి. ఆ కొండలు కొండరెడ్లకు, కోయలకు నివాసము. నల్లమలలోని పులుల రక్షితప్రాంతములు చెంచుల ఇల్లు. 2006 అటవీ హక్కుల చట్టము గ్రామసభ సమ్మతి లేకుండ అట్టివారిని తరలించరాదని చెప్పుచున్నను, తరలింపు మాట ఏండ్ల తరబడి వినబడుతూనే ఉన్నది. యువజన శిబిరమునకు నల్లమల వెళ్ళి “మనుష్య సంచారము లేని చోట దేవునితో ఏకాంతము” అని ప్రకటించే సంఘము, తన వెనుక నిలిచి వింటున్న చెంచు దారిచూపరిని మనుష్యుడుగా లెక్కించలేదన్నమాట.

అయితే మనుష్యుని కొరకే అడవి అని కూడ లేఖనము చెప్పదు. యోబు 38:26లో ఎవడును లేని భూమిమీద దేవుడు వర్షము కురిపిస్తాడు. 39వ అధ్యాయములో అడవిగాడిద పట్టణపు సందడిని లక్ష్యపెట్టదు, నిప్పుకోడి మన ఆలోచనతో పని లేకుండ పరుగెత్తుతుంది. పులికి చోటు కావాలనే వాదనకు ఇంతకంటె బలమైన వాక్యభాగము నాకు తెలియదు. కాని ఎవరును లేని భూమిని దేవుడు తడుపుతాడనుట ఒకటి, భూమిని తడుపుటకు ఉన్నవారిని లేకుండ చేయవచ్చుననుట మరొకటి. రెండవది యోబు గ్రంథములో లేదు.

మృగమును పేదవానిని ఎదురెదురుగా నిలబెట్టకుండ ఒకచోట చేర్చిన వాక్యము కావాలంటే ధర్మశాస్త్రమునకే వెళ్ళాలి. నిర్గమకాండము 23:11 ప్రకారము ఏడవ సంవత్సరము పొలమును దున్నకుండ విడువాలి. దానిలో పండినది పేదలు తినగా, వారు మిగిల్చినది అడవిమృగములు తినాలి. ఒకే పొలము, ఒకే సంవత్సరము. ఇద్దరికీ కంచె తీసినవాడు ఆ పొలము యజమానియే.