విన్న పిమ్మటనే తీర్పు

కాకతీయుల కాలమునుండియు ఓరుగల్లు సీమకు చెరువులే ప్రాణము. పాకాల, రామప్ప, లక్నవరము చెరువులు నేటికిని పొలములను తడుపుచున్నవి. చెరువు ఒక్కని సొత్తు కాదు. రైతు దాని నీటితో పైరు పండించును. బెస్తవాడు చేపలు పట్టును. ఒడ్డున ఇల్లు కట్టుకొన్నవాడు దాని చెంతనే బ్రతుకును. కావున చెరువును గూర్చి వ్యాజ్యము పుట్టినచో అది వీరందరి వ్యాజ్యమే యగును.

ఇట్టి వ్యాజ్యములను విచారించుటకై 2010వ సంవత్సరపు చట్టముచే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఏర్పడినది. వరంగల్లువారి దరఖాస్తులను చెన్నైలోని దక్షిణమండల ధర్మాసనము విచారించును.

చెరువు శిఖము భూమిలో ఇండ్లు వెలసినవని ఒకరు దరఖాస్తు పెట్టి, ప్రతివాదులుగా ప్రభుత్వ శాఖలను మాత్రమే పేర్కొనిరనుకొందము. ఆ ఇండ్లలోని వారికి సంగతియే తెలియదు. ఒకనాటి ఉదయమున కూల్చెడి యంత్రము వాకిట నిలిచినప్పుడు గదా వారికి తీర్పు తెలియుట! వారిలో కొందరు ఆక్రమించినవారే కావచ్చును. పట్టా చూపగలవారును, మోసపోయి స్థలము కొన్నవారును ఉండవచ్చును. ఎవరెట్టివారో వినకయే తెలియు టెట్లు?

అందుచేతనే ఆ చట్టపు 19వ సెక్షను ట్రిబ్యునలునకు సహజన్యాయ సూత్రములే మార్గదర్శకములని చెప్పుచున్నది. ఎదుటి పక్షమును వినకయే ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వులను 2024 జనవరిలో సుప్రీంకోర్టు రద్దుచేసి, మరల విచారింపుమని పంపినది.

పదిమందియైనచో ఒక్కొక్కరికి నోటీసు ఇయ్యవచ్చును. వందలమందియైనచో నెట్లు? సివిలు కోర్టులు పాటించు నియమమొకటి ఇచట దారి చూపును. ఒకే హక్కు గలవారు అనేకులున్నప్పుడు, కోర్టు అనుమతితో కొందరు అందరి పక్షమున వ్యాజ్యము నడపవచ్చును. కాని అందరికిని నోటీసు ఇయ్యవలెను. విడివిడిగా ఇచ్చుట సాధ్యము కానిచో బహిరంగ ప్రకటన చేయవలెను.

పత్రికలోని ప్రకటన చదువురానివానికి చేరునా? పరిశ్రమలకు అనుమతి నిచ్చుటకు ముందు జరుగు ప్రజాభిప్రాయ సేకరణ విషయమున 2006వ సంవత్సరపు ప్రభుత్వ ప్రకటన ఈ చిక్కును గుర్తించినది. కనీసము 30 దినముల ముందు తెలుపవలెననియు, పత్రికలు చేరనిచోట డప్పు చాటింపు వంటి సాధనములతో తెలుపవలెననియు అందు కలదు. అది వ్యాజ్యములకు చెందిన నియమము కాకున్నను, అందలి నీతి ఇచటను వర్తించును. దరఖాస్తు ఎవరిది, ఏ స్థలమును గూర్చినది, ఏమి కోరినది, విచారణ ఎన్నడు, ఆక్షేపణ ఎట్లు తెలుపవలెను అను సంగతులు తేట తెలుగున నుండవలెను. అర్థము కాని నోటీసు అందని నోటీసుతో సమానము.

నోటీసులవలన ఆలస్యమగునని కొందరందురు. అది కొంత నిజమే. కాని పాత గట్టు ఎంతవరకుండెనో, తూము నీరు ఎటు పారెనో ఊరి ముదుసలి రైతుకు తెలిసినంత పటమునకు తెలియదు. అట్టివానిని వినుటవలన చెరువునకును మేలే.

పంచాయతీ గోడపై నంటించిన కాగితమును చదివి, చదువురాని పెద్దలకు విప్పి చెప్పు బాలుడు చిన్న పని చేసినవాడు కాడు. న్యాయస్థానపు తలుపును వారికి తెరచినవాడగును.