కెమెరా ఎంత ఎత్తులో పట్టుకోవాలి?

సోషల్ వర్క్ చదివే అమ్మాయి పల్లెకు వెళ్తే ఒకప్పుడు చేతిలో నోటు పుస్తకం ఉంటే చాలు. ఇప్పుడు ఫోను లేనిదే పని నడవదు. అంగన్‌వాడీల్లో 2021 మార్చిలో పోషణ్ ట్రాకర్ వచ్చాక పిల్లల ఎత్తు, బరువు కూడా ఫోనులోకే ఎక్కుతున్నాయి. మరి రేపు ఎమ్మెస్‌డబ్ల్యూ పూర్తిచేసి సంగారెడ్డి జిల్లా కల్హేర్ లాంటి మండలంలో పనికి దిగే అమ్మాయికి యాప్ నొక్కడం వస్తే సరిపోతుందా?

సరిపోదు. నారాయణఖేడ్ వైపు పల్లెల్లో, తండాల్లో తెలుగుతోపాటు లంబాడీ, కన్నడం, మరాఠీ వినిపిస్తాయి. చదువురాని తల్లి ఓటీపీ అడిగితే చెప్పేస్తుంది, ఫొటోకు నిలబడమంటే నిలబడుతుంది. ఎందుకని అడగదు. అడగని మనిషి దగ్గరే మరింత జాగ్రత్త అవసరం.

ఈ పాఠం నేర్పిన వాళ్లు అదే జిల్లాలో ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు వీడియో కెమెరా పట్టారు. ఎక్కువమంది దళిత మహిళలు, పొలం పనులు చేసుకునే వాళ్లు. 2008 అక్టోబర్ 15న మాచునూర్‌లో 'సంఘం రేడియో' కూడా మొదలుపెట్టారు.

వాళ్లు కెమెరా కోణాలకు తమ భాషలోనే పేర్లు పెట్టుకున్నారు. ఎత్తుపల్లాలు చూపే షాట్లకు పటేలు, బానిసల పేర్లు. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా తీస్తే 'సంఘం షాట్'! సంఘంలో అందరూ సమానమే కదా మరి.

సోషల్ వర్క్ కాలేజీల్లో కంప్యూటర్ పాఠంతోపాటు ఈ చూపు కూడా నేర్పాలి. ఫొటో తీసేముందు అది ఎక్కడికి పోతుందో ఆమె భాషలో చెప్పాలి. వద్దంటే ఫోను పక్కన పెట్టేయాలి. ఓటీపీ దేనికో చెప్పాకే అడగాలి. దెబ్బలు తిన్న ఇల్లాలి ఫొటో వాట్సాప్ గ్రూపులో పడితే, ఆ రాత్రి ఇంట్లో ఏం జరుగుతుందో ఆలోచించాలి. లైంగిక దాడికి గురైన పిల్లల పేరు, ఫొటో బయటపెడితే పోక్సో చట్టం ప్రకారం నేరమని తెలిసి ఉండాలి. డబ్బు మోసపోయిన వాళ్ల చేత వెంటనే 1930కి ఫోన్ చేయించగలగాలి.

మన వంతు కూడా ఉందండోయ్! వివరాలు రాసుకోవడానికి ఎవరైనా ఇంటికొస్తే మొహమాటపడకండి. ఎందుకు, ఎవరికి అని అడగండి. జవాబు చెప్పడం కూడా వాళ్లు నేర్చుకోవాల్సిన చదువే.